ఉప్పెక్కిన కాంక్రీటులో కరెంటు కాపలా

ఉక్కు తుప్పు పట్టేటప్పుడు ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా కరిగిపోతుంది, మరోచోట తేమా ఆక్సిజనూ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటాయి. బయటినుంచి ఎలక్ట్రాన్లు అందిస్తే ఈ కరగడం ఆగుతుంది. ఈ కిటుకును 1824లోనే హంఫ్రీ డేవీ పట్టుకున్నాడు. బ్రిటిష్ నౌకల అడుగున ఉండే రాగి రేకులకు ఇనుమును జోడించి, ఇనుము కరుగుతుంటే రాగి భద్రంగా ఉంటుందని చూపించాడు. 1928 నాటికి రాబర్ట్ కూన్ ఇదే సూత్రాన్ని న్యూ ఓర్లీన్స్‌లో భూమిలోని గ్యాస్ పైపులకు వర్తింపజేశాడు. వంతెనల పైభాగపు కాంక్రీటులోని చువ్వలకు మాత్రం ఈ రక్షణ 1973 దాకా అందలేదు. సూత్రం తెలియక కాదు, కరెంటును ఘనపదార్థంలో పరచడం తెలియక. ఈ రక్షణ కథలో అసలు ఆవిష్కరణ ఆ పరచడమే.

మంచి కాంక్రీటు గాఢమైన క్షారం. దాని పీహెచ్ 12.5 దాటుతుంది కనుక ఉక్కుపై సన్నని రక్షక పొర నిలుస్తుంది. మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పులోని క్లోరైడ్లు ఆ పొరను ఛేదిస్తాయి. పుట్టిన తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది. కాంక్రీటు రంధ్రాల్లోని నీరు అయాన్లను మోయగలదు కానీ, కాంక్రీటు విద్యుత్ నిరోధం సముద్రపు నీటికి వందల రెట్లు. సముద్రంలో రక్షక కరెంటును పంపే ఒక ఆనోడ్ చాలా దూరం కాపాడుతుంది, కాంక్రీటులో పక్కనున్న చువ్వలను దాటి కరెంటు పెద్దగా పోదు. కాలిఫోర్నియా రహదారుల ఇంజినీరు రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్ స్లై పార్క్ రోడ్డు వంతెనపై సిలికాన్ ఇనుప ఆనోడ్లు అమర్చి, వాటి మీదుగా కోక్ కలిపిన తారు పరిచాడు. కరెంటు మోసే ఆ పొరతో వంతెన పైభాగమంతా ఒకే ఆనోడయింది. తర్వాత ఆ స్థానంలోకి టైటానియం వల వచ్చింది.

పగిలినచోట చెక్కి అతుకు వేస్తే చాలదా అంటారు. చాలదు. ఉప్పులేని కొత్త అతుకులోని చువ్వ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించే కాథోడ్‌గా మారి, పక్కనున్న ఉప్పు కాంక్రీటులోని చువ్వ మరింత వేగంగా తుప్పు పడుతుంది. కరెంటు ఖర్చు మాటకొస్తే, చదరపు మీటరు ఉక్కుకు 10 మిల్లీయాంపియర్ల చొప్పున వెయ్యి చదరపు మీటర్లకు కావలసింది 10 యాంపియర్లే, అదీ కొద్ది వోల్టుల దగ్గర. బలమైన ఆక్షేపణ వేరే ఉంది: వోల్టేజీ మితిమీరితే ఉక్కుపై హైడ్రోజన్ పుట్టి, బిగించి ఉంచిన అధికబల తీగలను పెళుసుగా మారుస్తుంది. కనుక అలాంటి కట్టడాల్లో కొలతా, అదుపూ తప్పనిసరి. కరెంటు అందించే రెక్టిఫైయర్ ఆగిపోయినా పట్టించుకునేవారు లేకపోతే పెట్టిన డబ్బు వృథా. అయినా ఉప్పు ఇప్పటికే లోపలికి చేరిన కాంక్రీటును మొత్తం పెకలించకుండా నిలబెట్టాలంటే, నిరంతర పర్యవేక్షణకు సిద్ధపడిన యజమానికి ఇంతకన్నా నమ్మదగిన దారి అరుదు.