పాత కారు బ్యాటరీ: అపోహలు – వాస్తవాలు

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం, కోరుట్ల, ఇటు సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కార్లు చాలా ఇళ్ల ముందు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. సెలవుకు వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. ఈ అపోహలు వదిలితే కొత్త బ్యాటరీ ఖర్చు చాలాసార్లు తప్పుతుంది.

అపోహ: బ్యాటరీని పాడుచేసేది చలికాలం.
వాస్తవం: పాడుచేసేది ఎండ. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. నీరు ఆవిరవుతుంది, సీసపు ప్లేట్లు తుప్పు పడతాయి. ఆ దెబ్బ డిసెంబరు పొద్దున బయటపడుతుంది. ఎందుకంటే చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి, స్టార్ట్ చేయడానికి ఎక్కువ శక్తి కావాలి. అందుకే కారును నీడలో పెట్టండి.

అపోహ: బండి నడపకపోతే బ్యాటరీ అరగదు.
వాస్తవం: గడియారం, అలారం కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఛార్జి దిగి అలాగే ఉంటే ప్లేట్లపై సల్ఫేట్ గట్టిపడుతుంది. అది మళ్లీ పూర్తిగా కరగదు. నెలల పాటు ఊళ్లో ఉండకపోతే నెగటివ్ వైరు విప్పించి వెళ్లండి.

అపోహ: రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే చాలు.
వాస్తవం: స్టార్ట్ చేయడానికి ఖర్చయిన ఛార్జి అంతలో తిరిగి రాకపోవచ్చు. నిలబెట్టిన బండిలో డైనమో తక్కువ కరెంటు ఇస్తుంది. వారానికోసారి అరగంట రోడ్డు మీద నడిపించండి.

అపోహ: నీళ్లు తగ్గితే యాసిడ్ గానీ, బోరు నీళ్లు గానీ పోయాలి.
వాస్తవం: ఆవిరయ్యేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, గీత వరకే పోయాలి. బోరు నీటి లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి.

అపోహ: సెల్ఫ్ తీసుకోలేదంటే బ్యాటరీ పోయినట్టే.
వాస్తవం: ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లటి పొడి పట్టినా, వదులైనా కరెంటు అందదు. కొన్ని గంటలు ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులుంటే ఛార్జి నిండుగా ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుండగా సుమారు 14 వోల్టులు రాకపోతే డైనమోనూ, దాని బెల్టునూ చూపించండి.

అపోహ: పాత బ్యాటరీని ఎవరికమ్మినా ఒకటే.
వాస్తవం: సీసం పిల్లల మెదడుకు విషం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే షాపులోనే పాతది ఇచ్చేయండి, ధరలోనూ తగ్గింపు దొరుకుతుంది.

ఉగాదికి ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి వోల్టేజీ కొలిపించండి. పాత కారుకు ఇంతకంటే చవకైన సేవ లేదు.