నారు పట్టిన చేతులకు పేరేది?

మా ప్రభుత్వ పాఠశాల ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని ఇటీవల ఒక వ్యవసాయ ప్రదర్శనకు వెళ్లాను. ట్రాక్టర్లు, డ్రోన్లు, విత్తన కంపెనీల దుకాణాలు దాటాక ఒక మూలన పిల్లల కోసం చిన్న మడి సిద్ధం చేశారు. దమ్ము చేసి, నీళ్లు నిలిపి, గట్టు మీద నారు కట్టలు పేర్చారు. అన్నం ఎక్కడ పుడుతుందో స్వయంగా తెలుసుకోమని పైన బ్యానరు. నగరంలోని ప్రైవేటు పాఠశాలల పిల్లలు ప్యాంట్లు మడిచి కేరింతలతో దిగారు. పది నిమిషాల్లో నాలుగేసి మొక్కలు నాటి, ఫొటోలు దిగి, కాళ్లు కడుక్కుని, ధ్రువపత్రాలు అందుకుని వెళ్లారు. వాళ్ల సంతోషంలో తప్పేమీ లేదు.

మా పిల్లల్లో ఒక అమ్మాయి మాత్రం గట్టు దిగలేదు. ఎందుకమ్మా అని అడిగాను. 'మా అమ్మెంబడి నాటుకు పోత గద సార్. ఈడ గూడ అదేనా?' అంది. నాకు జవాబు తోచలేదు. నేనూ నాటు కూలికి పోయిన దళిత తల్లి కొడుకునే. వానాకాలమంతా బురదలో నాని మా అమ్మ కాలివేళ్ల సందులు పుండ్లయ్యేవి. రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని పసుపు, నూనె అద్దుకునేది. తెల్లారితే మళ్లీ అదే మడి.

ఆ మడిలో ఇద్దరు మహిళలు పిల్లలకు నారు అందిస్తున్నారు. మైకు పట్టుకున్న శిక్షకుడు వరి రకం పేరు చెప్పాడు, ఎరువు మోతాదు చెప్పాడు, నాటు యంత్రం ధర చెప్పాడు. ఆ ఇద్దరి పేర్లు చెప్పలేదు. నారు ఎంత ముదిరితే పీకాలో, కుదురుకు రెండు మూడు మొక్కలే ఎందుకో, లోతుగా నాటితే పిలకలు ఎందుకు తగ్గుతాయో వాళ్ల వేళ్లకు తెలుసు. పిల్లలకు ఆ పాఠం చెప్పమని వాళ్లను ఎవరూ అడగలేదు. పలకరిస్తే, పక్క ఊరి నుంచి రోజు కూలికి వచ్చామన్నారు. ఇద్దరికీ గుంట భూమి లేదు.

ఆ రోజు పిల్లలు విన్న 'రైతు' అనే మాటలో ఈ ఇద్దరు లేరు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వారి చేతిలో ఉన్న సాగు భూమి తొమ్మిది శాతం లోపే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే చేరింది. కౌలుదారు, కూలీ దాని లెక్కలోకి రాలేదు. పాసుపుస్తకం లేని మనిషిని రైతుగా చూడని సమాజం, తన పిల్లలకూ ఆ చూపునే నేర్పుతోంది.

పక్క గుడారంలో ఆహార పాఠం. కొర్రలు, సామలు, తైదలు అందంగా గాజు సీసాల్లో ఉన్నాయి. నా చిన్నప్పుడు జొన్న గటక తెచ్చుకున్నవాణ్ని వరన్నం తెచ్చుకున్నవాళ్లు వెక్కిరించేవారు. ఆ గింజలే ఇప్పుడు సిరిధాన్యాలయ్యాయి. వాటిని వందల ఏళ్లు కాపాడినవాళ్లకు మాత్రం సిరి రాలేదు. 'మన సంప్రదాయ ఆహారం' అన్న పటంలో పాలు, నెయ్యి, పప్పులు, ఆకుకూరలు ఉన్నాయి. గుడ్డు లేదు, ఎండుచేప లేదు, పెద్దకూర ఊసే లేదు. మా పిల్లలు తమ ఇంటి కంచాన్ని ఆ పటంలో వెతుక్కుని మౌనంగా బయటికి వచ్చారు.

ఇలాగే జరగాలన్న నియమమేమీ లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర మొదలుపెట్టి, ఎడ్లబండ్ల మీద విత్తనాలను ఊరూరా తిప్పుతారు. వారిలో అత్యధికులు దళితులు. విత్తనం దాచిన మనిషే అక్కడ దాని గురించి మాట్లాడుతుంది. ఆ సంస్థ మాచ్‌నూరులో నెలకొల్పిన పచ్చసాలెలో చదువుతో పాటు చేతిపనులూ పాఠాలే. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' పుస్తకం ఉత్పత్తి కులాల పనుల్లోని విజ్ఞానాన్ని బోధిస్తుంది. దారి తెలియక కాదు, నడవడానికి మనసు రాక ఆగిపోయాం.

చిన్న పిల్లల ముందు కులం ప్రస్తావన ఎందుకని కొందరు అడుగుతారు. గట్టు మీద నిలబడిన మా అమ్మాయికి అది ఎప్పుడో తెలుసు. తెలియాల్సింది మిగతా పిల్లలకే. అందుకే నా కోరికలు చిన్నవి. నాటు పాఠాన్ని నాటే మహిళలే చెప్పాలి. వారికి కూలి కాదు, నిపుణులకిచ్చే గౌరవ వేతనం ఇవ్వాలి. ఎకరం నాటితే ఎంత ముడుతుందో, ఆ పొలం ఎవరిదో కూడా పిల్లలకు చెప్పాలి. ఆహార పటంలో అన్ని ఇళ్ల కంచాలూ ఉండాలి. బడితోటలో పార పట్టడం, బడి ఊడవడం అన్ని కులాల పిల్లలకూ సమానంగా పంచాలి.

మరునాడు హాజరు పట్టిక తిరగేశాను. జూలైలో, నాట్లు పడ్డ వారం, ఆ అమ్మాయి పేరు ఎదుట వరసగా ఆరు గైర్హాజర్లు. వేసింది నేనే. ఆమె ఆ ఆరు రోజులూ బడిలోనే ఉండాల్సింది. తల్లి కూలితోనే ఇల్లు గడవాల్సింది. అది జరగలేదు. పది నిమిషాలు మడిలో దిగిన పిల్లలకు ధ్రువపత్రం దొరికింది. ఆరు రోజులు దిగిన పిల్లకు నా చేత్తో నేనే సున్నాలు చుట్టాను.