ఎముక ముక్కను ఎలా తీశారన్నదే మొదటి ప్రశ్న

ఎముకల సూక్ష్మ నిర్మాణాన్ని చూడటం నా పని. ఏం కనిపించిందని అందరూ అడుగుతారు. ముక్కను ఎలా తీశారని అడిగేవారు తక్కువ.

ఎముకకు పైన గట్టి పెంకు, లోపల స్పాంజి వంటి అల్లిక ఉంటాయి. ఆ అల్లికలోని పట్టీల మందం సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. అందుకే తుంటి ఎముక పై అంచు దగ్గర, సుమారు 7.5 మి.మీ. వ్యాసం గల గొట్టపు రంపంతో ఈ పెంకు నుంచి ఆ పెంకు దాకా నమూనా తీస్తారు. సన్నని సూదితో తీస్తే పట్టీలు నలిగిపోయి కొలతలు తప్పుతాయి.

తీసిన ముక్కను ఆమ్లంలో నానబెడితే మెత్తబడి సులువుగా తెగుతుంది. కానీ కాల్షియం కరిగిపోతుంది. ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేసియా వ్యాధిలో చూడవలసింది కాల్షియం పట్టని భాగం ఎంత ఉందనే. ఎముక పెరుగుదలను కొలవడానికి ముందుగా ఇచ్చిన టెట్రాసైక్లిన్ మందు గీతలు కూడా చెరిగిపోతాయి. కనుక ఆమ్లం వాడకుండా ప్లాస్టిక్‌లో పోతపోసి కోయాలి.

కోతలో పడిన బీటలను పాత బీటలుగా పొరబడే ప్రమాదమూ ఉంది. అందుకని కోయకముందే ముక్కకు రంగు ఎక్కించే పద్ధతిని 1960లో హెరాల్డ్ ఫ్రాస్ట్ చూపారు.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేను అలవాటు కొద్దీ ఒక నమూనాను ఆమ్లంలో వేశాను. నొప్పి ఓర్చుకుని ఇచ్చిన ఆ తల్లిని మళ్లీ అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె జబ్బేమిటో ఆ ముక్క ఇక చెప్పలేకపోయింది.

విద్యార్థులారా, ప్రయోగశాలలో చేయి పెట్టేముందు ఈ నమూనాను ఏ ప్రశ్న కోసం తీశారో అడిగి తెలుసుకోండి.