ఎలీసబెతా, ఎలిజబెత్తా?

బిడ్డను బడిలో చేర్చునపుడు ఈ ప్రశ్నను గరివిడి ప్రాంతపు తలిదండ్రులు మమ్ము పలుమారు అడిగియున్నారు.

ఇది హెబ్రీ భాషనుండి వచ్చిన పేరు. నిర్గమకాండము 6వ అధ్యాయమున అహరోను భార్య ఎలీషెబ. "నా దేవుడే ప్రమాణము" అని దాని యర్థము చెప్పుదురు. గ్రీకున షకారధ్వని లేదు గనుక అది సకారమయ్యెను. లూకా సువార్తయందు బాప్తిస్మమిచ్చు యోహాను తల్లిని మన తెలుగు బైబిలు ఎలీసబెతు అనుట యందువలననే. ఆంగ్లమున కింగ్ జేమ్స్ ప్రతులు ఆమె పేరును ఎస్ అక్షరముతో ముద్రించుచున్నవి. 1603లో గతించిన ఇంగ్లాండు రాణి పేరో, జెడ్‌తో రూఢియైనది. ఆ జెడ్‌కు తెలుగున సరియైన యక్షరము లేదు. జొన్న అను మాటలోని దంత్య జకారము దానికి దగ్గర. కావున ఎలిజబెత్తు అనువారిని తప్పుపట్టరాదు.

మాకు ఎలీసబెతే యింపు. అయినను చిక్కు వేరొకచోట నున్నది. మేమెరిగిన యొక బాలికకు బాప్తిస్మపు పుస్తకమున ఎస్, బడి దాఖలాలో జెడ్ పడెను. రెండు పేర్లును ఒక్కతెవేయని వ్రాయించుటకు తండ్రి కూలి మానుకొని విజయనగరము తిరిగెను. ప్రమాణమను నర్థముగల పేరుకు ప్రమాణపత్రము కావలసివచ్చెను!

కావున ముందే వ్రాతలోనున్న పేరు ఏదైనను దానినే తెండు. అక్షరము తప్పక ఎక్కించెదము. ఇంట ఎలీసమ్మ యని పిలుచుకొనుటకు అడ్డేమి?