క్యాన్సర్ చికిత్సలో రక్తహీనత: కుటుంబం తెలుసుకోవలసినవి

నెల్లూరు తీరంలోని మైపాడు, ముత్తుకూరు, విడవలూరు ప్రాంతాల నుండి మదర్సాకు వచ్చే తల్లిదండ్రులు పిల్లల చదువుతోపాటు ఇంటి బాధలు కూడా మాతో చెప్పుకుంటారు. వాటిలో ఒకటి తరచుగా వినబడుతున్నది. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ చికిత్స సాగుతున్నది. రక్తం తగ్గిందని, ఈ విడత కీమోథెరపీ వాయిదా వేయాలని వైద్యులు చెప్పారు. రక్తం ఎక్కించుకోవచ్చునా, భర్త రక్తం భార్యకు ఇస్తే నికాహ్ ఏమవుతుంది, రోజాల మాటేమిటి అని వారు ఆందోళనతో అడుగుతారు. ఈ సందేహాలు తీరక చికిత్స ఆగిపోవడం కంటే పెద్ద నష్టం లేదు.

రక్తం ఎందుకు తగ్గుతుంది?

ఎర్ర రక్తకణాలు ఎముకల మూలుగలో తయారవుతాయి. ఒక్కొక్క కణం దాదాపు 120 రోజులు జీవిస్తుంది. కీమోథెరపీ మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. కనుక క్యాన్సర్ కణాలతోపాటు మూలుగ కూడా కొంత నలుగుతుంది. కొన్ని మందులు మూత్రపిండాలను బలహీనపరుస్తాయి. మూలుగను ప్రేరేపించే హార్మోను పుట్టేది అక్కడే. గర్భాశయ ముఖద్వారం, పేగుల క్యాన్సర్లలో రక్తస్రావం ఉండవచ్చు. నోటిపూత, వాంతుల వల్ల తిండి తగ్గుతుంది.

సాధారణంగా హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాములకు, పురుషులలో 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. కారణాలు అనేకం కనుక ఐరన్ టానిక్ కొని తాగించడమే పరిష్కారం కాదు. పరీక్ష చేసి కారణం తేల్చవలసింది వైద్యులే.

ఇందుకు మన తెలుగువాని జీవితమే సాక్ష్యం. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ అనే వ్యాధికి కోల్పోయారు. ఆహారం ఒంటబట్టక రక్తహీనతకు దారితీసే వ్యాధి అది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం రక్తం పట్టడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసింది. దానిని పోలి, దాని పనిని అడ్డుకునే పదార్థాన్ని కూడా ఆ ప్రయోగశాలే రూపొందించింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దానితో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీయగలిగారు. ఆ కోవలోనిదే నేటి మెథోట్రెక్సేట్. అది వాడే రోగి వైద్యునికి చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే మందు ప్రభావమే తగ్గవచ్చు. ఒకరికి బలమిచ్చేది మరొకరికి ఆటంకం కాగలదు.

రక్తం ఎక్కించుకోవడం ధర్మసమ్మతమేనా?

ప్రాణరక్షణకు, చికిత్సకు అవసరమని వైద్యుడు చెప్పినప్పుడు రక్తం ఎక్కించుకోవడాన్ని ఉలమాలు అనుమతించారు. పాల సంబంధం వంటిది రక్తం వల్ల ఏర్పడదు. భర్త రక్తం భార్యకు ఇచ్చినా నికాహ్‌కు భంగం లేదు. రక్తాన్ని అమ్ముకోవడం మాత్రం తగదు.

ఒక యూనిట్ రక్తంతో హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది. నెల్లూరులో ఇండియన్ రెడ్‌క్రాస్ జిల్లా శాఖ రక్తనిధిని, క్యాన్సర్ ఆస్పత్రిని కూడా నిర్వహిస్తున్నది. 18 ఏళ్ళు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. మన మస్జిదుల యువకులు తమ గ్రూపులతో ఒక జాబితా సిద్ధంగా ఉంచుకుంటే, అర్ధరాత్రి దాతల కోసం పరుగులు తీసే కుటుంబానికి ఎంత ఊరట!

ఇంట్లో పాటించవలసినవి

గుడ్డు, బాగా ఉడికిన చేప, మాంసం, పప్పు, మునగాకు కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టండి. నెత్తళ్ళయినా, కలేజా అయినా పచ్చిదనం లేకుండా ఉడకాలి. రోగికి అంటువ్యాధులను తట్టుకునే శక్తి తక్కువ. అన్నం తిన్న వెంటనే చాయ్ ఇవ్వకండి. అది ఆహారంలోని ఇనుము ఒంటబట్టకుండా చేస్తుంది.

హిజామా సున్నత్ అన్నది నిజమే. అయితే అది స్వస్థత కోసమే కదా! రక్తమూ, ప్లేట్‌లెట్లూ తగ్గిన రోగికి వైద్యుని అనుమతి లేకుండా అది చేయించడం ప్రమాదకరం. తేనె, కలోంజీ కూడా చికిత్సకు బదులు కావు.

నిలబడితే కళ్ళు తిరిగే రోగి కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని సైగలతో నమాజ్ చేయవచ్చు. నీరు హాని చేస్తుందంటే తయమ్ముమ్ ఉంది. రోజాలు కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారు ఒక్కొక్క రోజాకు ఒక పేదవానికి అన్నం పెట్టి ఫిద్యా చెల్లిస్తారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడం ఈమాన్‌కు లోటు కాదు.

కూర్చున్నా ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, నల్లటి మలం, జ్వరం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. రక్తం ఎక్కిస్తున్నప్పుడు చలి, దురద, ఊపిరాడకపోవడం మొదలైతే వెంటనే నర్సుకు చెప్పండి.

ఇంటి ఇల్లాలే రోగి అయినప్పుడు ఆమె చేతి పని ఆగదు. ఆ నీరసాన్ని బద్ధకమనుకునే ఇళ్ళూ ఉన్నాయి. నీళ్ళ బిందె మోయడం, వంట, పిల్లల పనులు ఇంట్లోని మగవారు పంచుకోవాలి. దైవప్రవక్త (సఅసం) సైతం ఇంటి పనుల్లో తోడ్పడేవారు. రోగిని పరామర్శించడం పుణ్యమైతే, రోగి భారాన్ని దించడం అంతకన్నా గొప్ప సేవ.

అల్లాహ్ రోగులందరికీ సంపూర్ణ స్వస్థతను, సేవచేసేవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.