ఆట అక్కడ - గుండెపోటు ఇక్కడ!

ఆడేవాడికి కాలు బెణికిందంటే అర్థమున్నది. కుర్చీలో కూర్చుని చూసేవాడికి గుండెపోటు రావడమేమిటి? వినడానికి నాకు వింతగానే తోచింది గాని, వైద్యుల లెక్కలు మాత్రం నవ్వులాటగా లేవు.

2006లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జర్మనీలో జరిగాయి. మ్యూనిక్ నగరంలోనూ, ఆ చుట్టుపట్లా గుండెకు సంబంధించిన 4,279 అత్యవసర కేసులను వైద్యులు పరిశీలించి, ఫలితాలను 2008లో ప్రకటించారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అటువంటి కేసులు మామూలు రోజులకన్న 2.66 రెట్లు వచ్చాయట! మగవారిలో 3.26 రెట్లు, ఆడవారిలో 1.82 రెట్లు. అందులోనూ ఆట మొదలైన మొదటి రెండు గంటల్లోనే ఉధృతం ఎక్కువ.

ఇంగ్లండులోనూ ఇదే కథ. 1998 జూన్ 30న అర్జెంటీనా చేతిలో పెనాల్టీ కిక్కులతో ఆ దేశం ఓడిపోయింది. ఆ రోజూ, తరువాతి రెండు రోజులూ గుండెపోటుతో ఆస్పత్రులలో చేరినవారు నూటికి 25 వంతున పెరిగారు.

కారణమేమిటంటారా? ఉద్రేకం కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ వూరుతుంది. నాడి వేగం, రక్తపు పోటు పెరుగుతాయి. గుండెకు రక్తం తెచ్చే నాళంలో అదివరకే కొవ్వు పేరుకుని వుంటే, ఆ పేరుకున్నది చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టవచ్చు. పులి మీద పుట్రలా సిగరెట్లు, మద్యం, నిద్ర చాలకపోవడం, వేళకు మాత్ర మరచిపోవడం తోడైతే చెప్పేదేమున్నది? మ్యూనిక్‌లో ఆట రోజున జబ్బుపడినవారిలో నూటికి 47 మంది పాత గుండెజబ్బువారే.

మనకు ఫుట్‌బాల్ కాకపోతే క్రికెట్టు వున్నది. ఆఖరి ఓవరులో మన యిళ్లలో వూపిరి బిగబట్టనివారెవరు? ఆట మానమని నేను చెప్పను. నాకూ ఆ సరదా వున్నది. కాని గుండెజబ్బు వున్న పెద్దవారిని ఒంటరిగా చూడనివ్వకండి. మాత్ర ముందు, ఆట తరువాత. ఓవరుకూ ఓవరుకూ మధ్య లేచి నాలుగడుగులు వేయమనండి.

ముఖ్యమైన మాట మరొకటి. రొమ్ములో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే, "గాస్ కాబోలు, ఆట అయిపోనీ" అని కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. గుండె కండరానికి ప్రతి నిమిషమూ విలువైనదే. ఓడిన జట్టుకు మరో ఆట వుంటుంది గదా!