మతిమరుపు గుట్టు విప్పే వెన్నునీరు

‘వెన్నులోంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయట కదా?’ మతిమరుపుతో బాధపడే పెద్దవాళ్లకు ఈ పరీక్ష రాసినప్పుడు ఇంట్లోవాళ్లు తరచూ అడిగే మాటిది. ఈ భయంతోనే కొందరు పరీక్ష వద్దని వెళ్లిపోతుంటారు. దీంతో నయం చేయదగ్గ జబ్బును కూడా ‘వయసు మీద పడిందిలే’ అని వదిలేసే ప్రమాదముంది.

మనదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. ఇది ఒక్క జబ్బు కాదు. వీటిలో అల్జీమర్స్‌ ఎక్కువగా కనిపించేదే అయినా ఇతర కారణాలూ ఉన్నాయి. పైకి లక్షణాలు ఒకేలా ఉండొచ్చు. అసలు కారణం తెలిస్తేనే సరైన చికిత్స ఇవ్వటం సాధ్యం.

నీటిలో ఏం చూస్తారు?

మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఈ ద్రవంలో మెదడులోని మార్పుల ఆనవాళ్లు దొరుకుతాయి.

* అల్జీమర్స్‌లో అమైలాయిడ్‌ బీటా 42 ప్రొటీన్‌ మెదడులోనే పేరుకుపోతుంది. అందుకే నీటిలో దాని మోతాదు తగ్గుతుంది. టావ్‌ ప్రొటీన్‌ పెరుగుతుంది.
* ప్రవర్తన, మాట ముందుగా దెబ్బతినే ఫ్రంటోటెంపోరల్‌ డిమెన్షియాలో సాధారణంగా ఈ అల్జీమర్స్‌ తీరు కనిపించదు.
* మతిమరుపు వారాలు, నెలల్లోనే ముదురుతుంటే క్షయ, సిఫిలిస్‌ వంటి ఇన్‌ఫెక్షన్లు, రోగనిరోధక వ్యవస్థ పొరపాటుతో వచ్చే మెదడువాపు ఉన్నాయేమో చూడాలి. వీటికి చికిత్స ఉంది.
* మతిమరుపుతో పాటు నడక తడబడుతూ, మూత్రం ఆపుకోలేకపోతుంటే మెదడులో నీరు ఎక్కువై ఉండొచ్చు. వీరికి 30-50 మి.లీ. నీరు తీసి, నడక మెరుగైందేమో పరిశీలిస్తారు. మెరుగైతే షంట్‌ ఆపరేషన్‌ ఉపయోగపడొచ్చు.

అందరికీ అవసరమా?

అక్కర్లేదు. ముందు బి12, థైరాయిడ్‌ వంటి రక్తపరీక్షలు, మెదడు స్కాన్‌ చేస్తారు. సమస్య 65 ఏళ్లలోపే మొదలైనా, వేగంగా ముదురుతున్నా, స్కాన్‌తో స్పష్టత రాకపోయినా వెన్నునీటి పరీక్ష ఆలోచిస్తారు. లెకనెమాబ్‌, డొనానెమాబ్‌ వంటి కొత్త అల్జీమర్స్‌ మందులు ఇవ్వాలంటే మెదడులో అమైలాయిడ్‌ ఉన్నట్టు ముందే రూఢి చేసుకోవాలి. అయితే జ్ఞాపకశక్తి బాగున్న కొందరు పెద్దవాళ్లలోనూ అమైలాయిడ్‌ మార్పులుండొచ్చు. కాబట్టి రిపోర్టు ఒక్కటే చూసి జబ్బు నిర్ధారించరు.

భయం అక్కర్లేదు

పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుంపూసల దగ్గరే ముగుస్తుంది. సూదిని అంతకన్నా కిందే గుచ్చుతారు. కాళ్లు పడిపోవటమన్నది చాలా అరుదు. మామూలు పరీక్షకు తీసేది కొద్ది మిల్లీలీటర్లే. మన శరీరం రోజుకు సుమారు 500 మి.లీ. ద్రవాన్ని తయారుచేసుకుంటుంది. కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి రావొచ్చు. చాలావరకు కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది.

రక్తాన్ని పలుచబరిచే మందులు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. సొంతంగా ఆపొద్దు. పరీక్ష తర్వాత జ్వరం, మెడ బిగుసుకోవటం, కాళ్లలో బలహీనత ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

పరీక్ష రాసినప్పుడు ‘దీని ఫలితంతో చికిత్స ఏమైనా మారుతుందా?’ అని తప్పక అడగండి. మారుతుందని చెబితే వెనకాడొద్దు.